పెద్ద చక్రములు, ఇరుసులోని లెక్క

చక్రము పెద్దదైనకొలది బండి బలిష్ఠమగునని తలంచువారు లోకమున పెక్కండ్రు గలరు. చూపులకు బలిష్ఠమగుట నిజమే. బండి యడుగు నేలనుండి పైకి లేచును; రాళ్లు తగులవు; గుంటలు చిన్నవైనట్లు తోచును. కాని యింజనుకు నిన్న ఎంత బలము గలదో నేడును అంతే గలదు. పెద్ద చక్రమును త్రిప్పుటకు వలయు నదనపు లాగుడు ఎచ్చటనుండి రావలెనని యడుగువారు మాత్రము అరుదు. ఆ ప్రశ్నకు సమాధానము ఇరుసు గర్భమున రెండు పండ్లచక్రముల నడుమ దాగియున్నది.

మేము అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున డెన్వరు నగరములో కాపురముందుము. నగరమే సముద్రమట్టమునకు 5,280 అడుగుల యెత్తున నున్నది. పడమటి రాజమార్గమున గంటసేపు పోయినచో ఐసెన్‌హోవరు సొరంగము వచ్చును. అచ్చట ఎత్తు 11,158 అడుగులు. మా బండి 2014 నాటి జీపు రాంగ్లరు. అయిదు గేర్ల ఆటోమాటిక్కు. ఒకరు వాడినదానిని కొంటిమి. మేము కొనునాటికే పూర్వపు యజమాని దానికి పెద్ద టైర్లు తొడిగించియుండెను. ఇరుసుల జోలికి మాత్రము పోలేదు. బిడ్డకు నగలు చేయించి చదువు మాన్పించిన తండ్రివలె, కంటికి కనబడుదానికి ధనము వెచ్చించి కనబడనిదానిని విడిచెను.

ఈ బండిని ముఖ్యముగా నడుపునది నా భార్య. ఉద్యోగరీత్యా ఆమె వారమునకు రెండుమాఱులు ఆ కొండమార్గమున పోయి రావలెను. నూఱడుగులకు ఏడడుగులు లేచు చోట్లు అందు గలవు. అట్టి చోట బండి అయిదవ గేరును విడిచి నాలుగవదానికి, అచ్చటను నిలువలేక మూడవదానికి దిగును, కొంచెము తేరుకొన్నంతనే మరల పైకి పోవును, మరల దిగును. వెనుక బరువు లారీలు తఱుముకొని వచ్చుచుండును. గేరుపెట్టెలోని నూనె వేడెక్కును. కావున ఇరుసు లెక్క తేల్చుకొనుట మాకు వేడుకకై చేసిన పని కాదు.

యంత్రములతో పరిచయము లేని చదువరులకై విషయమును కొంచెము విప్పి చెప్పెదను. నూతిమీద అడ్డముగా నమర్చిన దుంగకు త్రాడు చుట్టి, పిడి త్రిప్పి నీరు తోడుటను తలంచుకొనుడు. దుంగ లావైనచో ఒక్క చుట్టుకు త్రాడు ఎక్కువ పైకి వచ్చును; కాని చేతికి బరువు తోచును. దుంగ సన్ననిదైనచో చేయి తేలిక. చుట్లు మాత్రము ఎక్కువ. టైరు ఆ దుంగ వంటిది. దానిని లావు చేసితిమా, ఇంజను చేతికి బరువు పెరుగును. మరల తేలిక చేయవలెనన్న, చక్రము ఒక్కసారి తిరుగుటకు ఇంజను మునుపటికంటె ఎక్కువసారులు తిరుగునట్లు చేయవలెను. ఆ పని చేయునది ఇరుసులోని జత: పినియను అను చిన్న గేరు, రింగు గేరు అను పెద్ద గేరు. మా బండిలో చిన్నదానికి 11 పండ్లు, పెద్దదానికి 41. నలువదియొకటిని పదునొకటిచే భాగింపగా 3.73. ఇదియే ఇరుసు నిష్పత్తి. సంఖ్య పెరిగినకొలది లాగుడు హెచ్చును. అయినను మెకానిక్కులు పెద్ద సంఖ్యనే ‘లో గేరు’ అందురు! క్రొత్తవారిని తికమక పెట్టుటకు ఇంతకంటె మంచి యుపాయము లేదు.

వాడిన బండిని కొన్నవారు ఇరుసులో ఏ సంఖ్య యున్నదో పరులమాట నమ్మక స్వయముగా చూచుకొనవలెను. ఉపాయము సులభమే. బండి కదలకుండ ముందుచక్రములకు దిమ్మలు పెట్టి, గేరును న్యూట్రలులో నుంచి, వెనుకచక్రము నొకదానిని భద్రముగా పైకెత్తవలెను. ఇరుసునకు చేరు పొడవైన కమ్మీమీద సుద్దతో నొక గీత, టైరుమీద నొక గీత గీయవలెను. లేచిన చక్రమును సరిగా రెండు చుట్లు త్రిప్పి, ఆ కమ్మీ ఎన్ని చుట్లు తిరిగెనో లెక్కింపవలెను. రెండవ చక్రము నేలపై కదలక యున్నది గనుక, లేచినది రెండు చుట్లు తిరిగినప్పుడు రింగు గేరు ఒక్క చుట్టే తిరుగును. సాధారణమైన డిఫరెన్షియలు గల ఇరుసులకే ఈ లెక్క చెల్లును. మా పండ్రెండేండ్ల కుమార్తె క్రింద కూర్చుండి మూడుచుట్లు, నాలుగవదానిలో ముక్కాలు పాళ్లకు కొంచెము తక్కువ, అని చెప్పెను. 3.73 అనుటలో సందేహము తీఱినది.

తరువాత టైరు సంగతి. అంగడివారు మా టైర్లను 35 అంగుళములవి యందురు. దానిమీది యంకెలు 315/70ఆర్17. వెడల్పు 315 మిల్లీమీటర్లు. అందు నూటికి డెబ్బది వంతున ప్రక్కగోడ యెత్తు 220.5, అట్టివి పైన నొకటి, క్రింద నొకటి, నడుమ రిమ్ము 17 అంగుళములు, అనగా 431.8 మిల్లీమీటర్లు. మొత్తము 872.8, అంగుళములలో 34.4 మాత్రమే. బండి బరువు మీదబడినప్పుడు ఇంకను కొంత తగ్గును. అంగడి యంకెతో లెక్క ప్రారంభించినవాడు మొదటి మెట్టుననే దారి తప్పును. కర్మాగారమువారు మొదట ఈ బండికి తొడిగిన 225/75ఆర్16 టైరు 29.3 అంగుళములు.

ఇప్పుడు 3.73ను 29.3తో గుణించి 34.4తో భాగింపగా 3.18 వచ్చును. పూర్వపు యజమాని టైర్లు మార్చిన దినముననే బండి 3.18 ఇరుసు గలదానివలె బలహీనమైనదన్నమాట. ఇంతేకాదు. వేగమును చూపు ముల్లు 60 మైళ్లని చెప్పుచుండగా బండి వాస్తవముగా 70 మైళ్ల వేగమున పోవుచుండెను. పోలీసువారు పట్టుకొన్నచో జరిమానా కట్టవలసినది నడుపుచున్న యామెయే గదా!

కర్మాగారపు బలమును తిరిగి పొందవలెనన్న 4.38 కావలెను. అంగడిలో మా యిరుసులకు దొరకునవి 4.10, 4.56, 4.88, 5.13. ఒక మెకానిక్కు 4.56 చాలుననెను. మఱియొకడు 4.88 తప్ప వేఱొకటి పనికిరాదనెను. కారణమడుగగా, అందఱును అదియే వేయించుకొనుచున్నారని చెప్పెను. నా భార్య యూరకుండలేదు. “అందఱు ననగా ఎవరండీ? వారి యింజనేది? వారెక్కు కొండ యేది?” అని యడిగెను. అతడు నవ్వెను గాని యుత్తరమీయలేదు. పెండ్లిలో కట్నమునకు, బండిలో గేరుకు ‘అందఱు’ అను మాటయే ప్రమాణమైనచో చదువుకొని ప్రయోజనమేమి?

ఆ రాత్రి మేమిద్దఱము కాగితము తీసికొని కూర్చుంటిమి. గంటకు మైళ్ల వేగమును ఇరుసు నిష్పత్తితోను, గేరు నిష్పత్తితోను, 336 అను స్థిరసంఖ్యతోను గుణించి, టైరు వ్యాసముచే భాగించినచో ఇంజను నిమిషమునకు తిరుగు చుట్లు వచ్చును. 65 మైళ్ల వేగమున, మా యైదవ గేరు 0.83 గనుక, మొదటి చిన్న టైర్లతో 2,308 చుట్లు. పెద్ద టైర్లతో అదే యిరుసునకు 1,966. 4.10 వేసినచో 2,160, 4.56కు 2,403, 4.88కు 2,572; 5.13కు 2,703.

సమతలపు నేలపై నివసించువారైనచో 4.56తో తృప్తి పడవచ్చును. కర్మాగారపు లెక్కకు అది కొంచెము మీదనే యున్నది. 2021లో జీపు కంపెనీవారు తామే 35 అంగుళముల టైర్లతో నొక రాంగ్లరును అమ్మకమునకు పెట్టినప్పుడు ఇరుసునకు 4.56నే యెన్నుకొనిరి. కాని ఆ బండ్లలో ఆటోమాటిక్కు గేరుపెట్టెకు ఎనిమిది గేర్లు గలవు. మాకు అయిదే. పైగా మాది కొండదేశము. టర్బో లేని ఇంజను ప్రతి వేయి యడుగుల యెత్తునకు నూటికి మూడు వంతుల చొప్పున బలము కోల్పోవును. ఇంజనుకు కంపెనీ చెప్పు 285 గుఱ్ఱముల శక్తి సొరంగము చేరునప్పటికి మూడింట రెండు వంతులే మిగులును. టైర్ల బరువు చేర్చు భారము వేఱు.

నిర్ణయమునకు తోడ్పడినది మఱియొక లెక్క. పాత యిరుసుతో 65 మైళ్లకు నాలుగవ గేరున ఇంజను 2,370 చుట్లు తిరుగును. కొండ యెక్కుటకు అది చాలదు. మూడవ గేరునకు దిగినచో 3,340. అది అవసరమునకు మించినది. ఈ రెంటి నడుమ నిలువ నీడ లేకనే గేరుపెట్టె కాలు కాలిన పిల్లివలె తిరుగుచుండెను. 4.88 వేసినచో నాలుగవ గేరుననే 3,100 చుట్లు వచ్చును. ఈ యింజనుకు అది అనుకూలమైన వేగము. మేము 4.88 నిశ్చయించితిమి.

ఆక్షేపణ లేకపోలేదు. 4.88 అనగా పెద్దదానికి 39, చిన్నదానికి 8 పండ్లు. పండ్లు తగ్గినకొలది పినియను సన్నబడును. సన్నబడినకొలది విఱుగు భయము హెచ్చును. మా ముందుటిరుసు వెనుకదానికంటె చిన్నది. బండరాళ్లపై ముందుచక్రములను బిగబట్టి ఎగిరించువారైనచో ముందుటిరుసునే మార్చుకొనవలెను. మేమట్టివారము కాము, నాలుగు చక్రములకును బలము చేర్చునది వేసవిలో కొన్ని దినములు మాత్రమే. యుద్ధకాలపు విల్లీసు జీపునకును 4.88 ఇరుసే యుండెను. కాని దాని యింజను 60 గుఱ్ఱములది, టైర్లు చిన్నవి. ఇంజనును, టైరును, దారిని విడిచి అంకెను మాత్రము పొగడుట వ్యర్థము.

కొండ దిగుటలో లాభము ఎక్కుటకంటె ఎక్కువ. ఇమోజీను కనుమ 13,114 అడుగులది. అచ్చటి రాతిదారిలో బ్రేకులను నమ్మి దిగుట ప్రమాదము. మొదటి గేరు 3.59, ట్రాన్స్‌ఫరు కేసు 2.72, ఇరుసు 3.73, ఈ మూడింటి గుణిజము 36.4. పెద్ద టైర్లతో దాని ఫలము 31కి పడిపోయెను. 4.88తో గుణిజము 47.6, టైరును లెక్కలోనికి తీసికొన్నను 40.6 మిగిలినది. ఇంజనే బండిని వెనుకకు పట్టియుంచును. కాలు బ్రేకుమీద ఊరక యానియుండిన చాలును.

ముందుటిరుసును, వెనుకటిరుసును ఒక్క నిష్పత్తికే మార్చవలెను. ఖర్చునకు వెఱచి ఒకటి మాత్రమే మార్చినచో, నాలుగు చక్రములు కలిసిన క్షణమున ముందువెనుకలు ఒండొంటితో పోరాడి యంత్రమును పాడుచేయును. గేర్ల జతల వెలకంటె కూలి యెక్కువ, అది న్యాయమే. పండ్ల నడుమ సందు అంగుళములో వేయింట ఆఱు మొదలు పది వంతులలోపల నుండవలెను. పలుచని రేకులను చేర్చుచు తీయుచు, పండ్లకు రంగు పూసి ఒరపిడి గుఱుతు ఎచ్చట పడుచున్నదో చూచుచు, ఓపికతో చేయవలసిన పని యది. కొన్ని యిరుసులలో నిష్పత్తి ఒక హద్దు దాటినచో లోపలి క్యారియరును గూడ మార్చవలసివచ్చును. కొనుటకు ముందే విచారించుట మేలు. బిగించినవారు, మొదటి ప్రయాణము ఇరువది మైళ్లకు మించరాదనియు, పిమ్మట ఇరుసును పూర్తిగా చల్లారనీయవలెననియు, 500 మైళ్లకు నూనె మార్చవలెననియు చెప్పిరి. అట్లే చేసితిమి. బండిలోని కంప్యూటరునకు క్రొత్త నిష్పత్తిని, టైరు కొలతను తెలిపినపిమ్మట వేగపు ముల్లును నిజము చెప్పసాగెను.

బ్రేకుల మాట మిగిలియున్నది. టైరు పెద్దదైనప్పుడు, అదే యొత్తిడికి నేలపై బ్రేకు పట్టు నూటికి పదునైదు వంతులు తగ్గును. ఇరుసు గేర్లు మార్చినను ఈ లోటు తీఱదు. పెద్ద డిస్కుల వెల విచారించు పని నా భార్య తనమీద వేసికొన్నది. ఆమె కాగితము భోజనపు బల్లమీదనే యున్నది.