మగ్గము దిగిన చీర

తెనాలి నుండి రేపల్లెకుఁ బోవు రైలుమార్గమున భట్టిప్రోలు కలదు. 1892లో అలెగ్జాండర్ రే అచ్చటి స్తూపమును త్రవ్వించగా బయల్పడిన ధాతుకరండములపైఁ గుబీరకుఁడను రాజు పేరుతోపాటు నిగమమను పురజనసంఘపు సభ్యుల పేర్లును వరుసగాఁ జెక్కఁబడియున్నవి. రాజశాసనములతో విసిగిన నా కన్నులకు, రాజుసరసన పురజనులు నిలిచిన యా పట్టిక మిక్కిలి ప్రియమైనది.

ఆ ప్రాంతపు వృత్తిజీవనము నేఁడును జూడఁగోరువారు బాపట్ల జిల్లాలోని చీరాలకుఁ బోవలెను. ఆసుపోసి, పడుగునకు గంజిపెట్టి, అచ్చులతికి, కండెలు చుట్టి, ఇంటిల్లిపాదియు శ్రమించినఁగాని గుంటమగ్గము నుండి చీర దిగదు. ఆ శ్రమ నెఱిఁగి, దానికిఁ దగిన వెల నిచ్చినవాఁడు ఏఁటికిఁ బది చీరలు కొనలేఁడు, కొననక్కఱయు లేదు. ఉతికినకొలఁది మెత్తనగు నూలుచీర పెట్టెలో దాఁచుటకుఁ గాక కట్టుటకే పుట్టినది. చిరిఁగిన పిదపఁ బసిబిడ్డ పొత్తిగుడ్డ యగును. ఇంత యోర్పు గల యీ యూరివారికిఁ బట్టుదలయుఁ గలదు. 1921లో పురపాలకపు పన్నులకు లొంగక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వమున నిండ్లు విడిచి, రామనగరపుఁ బాకలలో నెలల తరబడి కాపురముండినదియు నీ చీరాల పేరాల ప్రజలే.

1905 ఆగస్టు 7న కలకత్తాలో మొదలైన స్వదేశీ ఉద్యమమును స్మరించి, 2015 నుండి ఆ దినమును జాతీయ చేనేత దినముగా జరుపుచున్నారు. ఏఁటి కొకదినపుఁ బ్రేమపై నాకంత గుఱిలేదు. కూరల కొట్టుకడ నేనును గీచిగీచి బేరమాడుదును. మగ్గపు చీరకు మాత్ర మాడను.