అవ్వ కాళ్లు ఎక్కడికి పోయాయి?

ఈ కాగితం కింద రెండు ఫోటోలు అంటించాను. ముందు అవి చూసి తర్వాత ఇది చదవండి. మొదటి దాంట్లో మా అవ్వకి నడుము కింద ఏమీ లేదు, అంతా నలుపు. ఆ నలుపు నా వల్ల వచ్చింది. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

2024 ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం నాడు మన బడికి ఊళ్ల నుంచి పెద్దవాళ్లను పిలిచారు కదా. మా అవ్వ కూడా వచ్చింది. అవ్వ వయసులో ఉన్నప్పుడు ధింసాలో వరసకి ముందు నిలబడేదట. ఇప్పుడు మోకాళ్లు నొప్పులు. "ఇదే ఆకరుసారి, ఇంక ఆడలేను" అని వచ్చిన దగ్గర నుంచి అంటూనే ఉంది. అవ్వకి ఆధార్ కార్డు మీద ఫోటో తప్ప ఇంకో ఫోటో లేదు.

రాత్రి భోజనాల ముందు డప్పు, తుడుము, మోరి మొదలయ్యాయి. స్టేజి దగ్గర ఒక్కటే బల్బు. సైన్సు సారు తన కెమెరా మీద ఫ్లాష్ పెట్టి నాలుగు ఫోటోలు తీశారు. తర్వాత వంటల దగ్గరికి వెళ్తూ "నువ్వు తియ్యి, ఏదీ తిప్పకు" అని కెమెరా నాకిచ్చారు. నేను తిప్పాను. డయల్ మీద 125 ఉంది. ఆట జోరుగా ఉంది కదా, కాళ్లు అలికినట్టు పడతాయేమో, స్పీడు పెంచితే మంచిదని 500 పెట్టాను. సారు కన్నా నాకే బాగా తెలుసనుకున్నాను. హడావుడిలో వెనక తెర మీద చూసుకోలేదు కూడా. వరసగా నొక్కుకుంటూ పోయాను.

తెల్లారి చూస్తే నేను తీసినవన్నీ సగం సగమే. పైన మొహాలు, నవ్వులు, పువ్వులు తెల్లగా పడ్డాయి. కింద బొగ్గు పూసినట్టు ఉంది. ధింసా అంటేనే అడుగులు. ఆ అడుగులే లేవు. నాకు భయమేసింది. సారు అడిగితే "ఫ్లాష్ పాడైపోయింది సార్" అన్నాను. అంతకు ముందు వారం ఆ ఫ్లాష్ వాడింది పదో తరగతి అక్క. "కింద పడేశావా?" అని అందరూ ఆ అక్కని అడిగారు. అక్క పడెయ్యలేదని ఏడ్చింది. నేను పక్కనే ఉన్నాను. నోరు రాలేదు.

రెండో ఆదివారం అవ్వ వచ్చింది. ఫోటో చూపించాను. చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "నా కాళ్లేవే గుంటా? గాల్లో ఆడేనేటి?" అంది. నవ్వుతూనే అంది గానీ నాకు నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం సారు ఫ్లాష్ తీసుకుని గోడ మీద వెలిగించారు. బాగానే వెలిగింది. అప్పుడు కెమెరాలో ఫోటో పక్కన ఉన్న అంకెలు చూశారు. తను తీసిన నాలిగింటికీ 1/125, తర్వాత అన్నిటికీ 1/500. "ఎవరు తిప్పారు?" అన్నారు. చెప్పేశాను. సారు తిట్టలేదు. రెండు నోటుబుక్కులు తెమ్మన్నారు.

కెమెరా లోపల సెన్సారు ముందు రెండు పరదాలు ఉంటాయి. నొక్కగానే మొదటిది కిందికి దిగి కిటికీ తెరుస్తుంది. తర్వాత రెండోది దిగి మూసేస్తుంది. 1/125 పెడితే మొదటిది పూర్తిగా దిగాక కాసేపు కిటికీ మొత్తం తెరిచి ఉంటుంది. ఫ్లాష్ అప్పుడు వెలుగుతుంది కాబట్టి బొమ్మ అంతా పడుతుంది. 1/500 అంటే చాలా తక్కువ సేపు. పరదాలు అంతకన్నా జోరుగా పరిగెత్తలేవు. అందుకని మొదటిది అడుగుకి చేరకముందే రెండోది బయలుదేరిపోతుంది. మొదటిది చేరి ఫ్లాష్ వెలిగేసరికి రెండోది సగం కప్పేసింది. సారు రెండు పుస్తకాలు మొహానికి అడ్డం పెట్టి ఇదంతా నెమ్మదిగా చేసి చూపించారు.

"పరదా పైనుంచి కదా సార్ దిగింది, మరి కింద కాళ్లెందుకు పోయాయి?" అని అడిగాను. సారు సంతోషించారు. కటకం బొమ్మని తలకిందులు చేస్తుంది. సెన్సారు మీద అవ్వ కాళ్లు పైన ఉన్నాయి, తల కింద ఉంది. పరదా ముందు కప్పింది కాళ్లనే.

కిటికీ పూర్తిగా తెరిచి ఉండే ఆఖరి వేగాన్ని సింక్ స్పీడ్ అంటారు. సారు కెమెరాకి 1/200. కొన్నింటికి 1/250. పాత ఫిల్ము కెమెరాల్లో చాలావాటికి 1/60 మాత్రమే. కొత్త రకం ఫ్లాష్ పెడితే కెమెరా దాన్ని గుర్తుపట్టి ఆ వేగం దాటనివ్వదట. మన ఫ్లాష్ పాతది, అడుగున మధ్యలో ఒక్క పిన్ను మాత్రమే ఉంది. అందుకే కెమెరాకి ఏమీ తెలియలేదు, నన్ను ఆపలేదు.

మరి 1/125 లో కాళ్లు అలికినట్టు పడవా? పడవు. చీకట్లో వెలుగంతా ఫ్లాష్‌దే. ఫ్లాష్ వెలిగేది సుమారు వెయ్యిలో ఒక వంతు సెకను, పవర్ తగ్గిస్తే ఇంకా తక్కువ. అమెరికాలో హెరాల్డ్ ఎడ్జర్టన్ అనే ఆయన 1957లో పాల చుక్క పడి కిరీటంలాగా లేచింది ఇలాంటి వెలుగుతోనే ఫోటో తీశారట. సారు పుస్తకంలో ఆ బొమ్మ చూపించారు. నాకైతే మెరుపు గుర్తొచ్చింది. మన కొండల్లో రాత్రి మెరిసినప్పుడు గాలికి ఊగుతున్న చెట్టు కూడా ఒక్క క్షణం ఆగిపోయినట్టు కనబడుతుంది కదా. అదే ఇది. ఆటని ఆపేది ఫ్లాష్, డయల్ కాదు.

మర్నాడు పదో తరగతి అక్క దగ్గరికి వెళ్లి నిజం చెప్పాను. అక్క రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత తనే వచ్చి, వచ్చే నెల అవ్వ వస్తే ఫ్లాష్ తను పట్టుకుంటానంది.

సెప్టెంబరు రెండో ఆదివారం వాన. డైనింగ్ హాలులో బల్లలు జరిపాం. అవ్వ ఆడనంది. మోకాళ్లు చూపించింది. మన తొమ్మిదో తరగతి పిల్లలు ఏడుగురు చేతులు వెనక్కి పెట్టి ఒకరినొకరు పట్టుకుని వరస కట్టారు. తప్పు అడుగు వేశారు. కావాలనే వేశారో, నిజంగా రాకో నాకు తెలీదు. అవ్వ "అలా కాదే!" అని లేచిపోయింది.

మొదట 1/200 తో తీశాను. అవ్వ తెల్లగా పడింది, వెనక హాలంతా చీకటి. 1/60 పెట్టాను. అవ్వ మొహం అంతే తెలుపు, కానీ వెనక కిటికీలు, వాన, గోడ మీది మెనూ బోర్డు అన్నీ కనబడ్డాయి. ఫ్లాష్ వెలుగు మారలేదు, కిటికీ నుంచి వచ్చే వెలుగు మాత్రం ఎక్కువ సేపు లోపలికొచ్చింది. ఇంకా తగ్గించి 1/15 పెడితే అవ్వ పాదం ఒకటి గట్టిగా, దాని పక్కన పొగలాంటి పాదం ఇంకోటి పడ్డాయి. సారు 1/60 ది బాగుందన్నారు. నాకు పొగ పాదం ఉన్నదే ఇష్టం. కింద అంటించిన రెండోది అదే.

అవ్వ రెండూ చూసి, కాలి వేళ్లు లెక్కపెట్టి, 1/60 ది తీసుకుంది. వెళ్తూ వెళ్తూ ఆగస్టులో తీసిన చీకటి ఫోటో కూడా ఒకటి అడిగింది. ఎందుకవ్వా అంటే, దాంట్లో తన పక్కన ఆడినామె నవ్వు బాగా పడిందంది. కింద నల్ల ముక్క కత్తెరతో కత్తిరించి ఇచ్చాను.