గుడారం ఎక్కడ వేయాలి?

మా ఎరుకల పెద్దలకు గుడారం వేసే చోటు ఎంచుకోవడం ఒక విద్య. నీళ్లు దగ్గరుండాలి. సంత దగ్గరుండాలి. బుట్టలకు ఈతబరికెలు, గాడిదలకు మేత దొరకాలి. ఆ ఎంపికను చట్టం లాగేసుకుంది. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ తెగల చట్టం, 1911 తర్వాత మద్రాసు రాజధానిలోని మావాళ్ల మీదా పడింది. ఎక్కడ పడుకోవాలో పోలీసులు చెప్పే రోజులవి. 1952లో గాని ఆ చట్టం పోలేదు.

అందుకే హాస్టల్ పిల్లలను బెంగళూరు తీసుకుపోవాలనుకున్నప్పుడు మకాం ఎక్కడన్నది వాళ్లనే తేల్చమన్నాను. నగరంలో గదులకు డబ్బు చాలదు. ఇటువైపే గుడారాలు వేసుకుని పొద్దున పోయి రాత్రికి రావాలి.

కొందరు మదనపల్లె దగ్గరి హార్సిలీ హిల్స్ అన్నారు. చల్లని చోటే, కానీ ముందు కొండ దిగి మదనపల్లె చేరాలి, ఆ తర్వాతే బెంగళూరు బస్సు. పుంగనూరుకు రైలు లేదు. సాయంత్రం నగరం దాటేసరికే బస్సుకు పొద్దుపోతుంది. కుప్పం నుంచి రైలుంది, దూరం సుమారు 100 కిలోమీటర్లు. కృష్ణరాజపురంలో దిగితే పక్కనే మెట్రో. కబ్బన్ పార్కులో దిగి నడిస్తే విశ్వేశ్వరయ్య మ్యూజియం, అందులో రైట్ సోదరుల విమానం నమూనా. పిల్లలు కుప్పానికే చేతులెత్తారు.

కుప్పంలో అడవి అంచున వేద్దామన్నాడు ఒకడు. కౌండిన్య అభయారణ్యం ఏనుగులు పొలాల్లోకి వస్తాయని ఇంకొకడు గుర్తుచేశాడు. అసలు ప్రశ్న ఒక తల్లి అడిగింది: "అన్నా, ఆడబిడ్డలు రాత్రికి యాడ పండుకుంటారు? మరుగుదొడ్డికి గడియ ఉందా?" దాంతో స్టేషనుకు నడిచిపోయేంత దూరంలో, ప్రహరీ, కొళాయి, గడియలున్న మరుగుదొడ్లు ఉన్న బడి ఆవరణ ఖాయమైంది. షామియానా అంగడి నుంచి గుడారాలు తెచ్చాం.

ఈ రైలు దారి 1864 నాటిది. గాడిదల మీద ఉప్పు మోసి అమ్మిన మా పూర్వీకుల బతుకుతెరువును రైళ్లే దెబ్బతీశాయి. అదే దారిలో మా పిల్లలు కిటికీ పక్కన కూర్చుని స్టేషన్ల పేర్లు చదువుతూ పోయారు.

తోటి ఉపాధ్యాయులకు నా మాట ఇంతే. చోటు అందం తర్వాత చూడండి. రాత్రి తిరిగొచ్చే ఆఖరి బండి ఎన్నింటికో ముందు కనుక్కోండి. ఆడపిల్లల తల్లులను అడగండి. పటం మాత్రం పిల్లల చేతికే ఇవ్వండి.