కొలిమికి గాలి తెచ్చే గొట్టం

చింతామణి పక్కన మా ఊళ్లో ఇప్పుడు మిగిలింది ఒక్క కొలిమే. అది మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉంది. ట్రాక్టర్లు వచ్చినాక నాగటి కర్రుల పని పోయింది. అయినా రాగి కోతలకు ముందు కొడవళ్లకు కక్కు పెట్టించుకోవడానికి, గొడ్డలి అంచు సాగదీయించుకోవడానికి రైతులు వస్తూనే ఉంటారు. డెబ్బై దాటిన మా పెదనాయన వాళ్లెవరినీ ఉత్తచేతుల్తో పంపడు.

పోయిన ఆగస్టులో ఆ కొలిమికి ఊపిరి తగ్గింది. చక్రం ఎప్పటిలా తిప్పుతున్నా బొగ్గులు ఎర్రగానే ఉండిపోతున్నాయి, ఇనుము నారింజ రంగుకు రావడం లేదు. 900, 1000 డిగ్రీల దాకా వేడెక్కితేనే ఇనుము సమ్మెట దెబ్బకు బాగా సాగుతుంది. వేడి చాలకుండా కొడితే అంచు చీలుతుంది. ఇంట్లో రెండు మాటలు లేచాయి. "ఎత్తేసి ఆ జాగాలో అద్దెకు ఒక రూము కడదాం" అని చిన్నాయన. "రాగి కోతలు అయ్యేదాకా ఆగండ్రా" అని పెదనాయన. శనివారాలు బెంగళూరు నుండి ఊరికి పోయే మేము, అన్నదమ్ముల పిల్లలం ముగ్గురం, ముందు గొట్టం సంగతి చూద్దామన్నాం.

తాత కాలంలో గాలికి మేకతోలు తిత్తులు రెండు ఉండేవట. ఒకటి నొక్కుతుంటే ఇంకొకటి గాలి నింపుకునేది, అందుకే గాలి తెగేది కాదు. వాటి మూతి మట్టిది. కాలి పగిలితే ఇంట్లోనే మరొకటి చేసుకునేవాళ్లు. తర్వాత చేత్తో తిప్పే చక్రమూ, దానికి ఫ్యానూ వచ్చాయి. ఫ్యాను నుండి నాలుగు అడుగుల ఇనుప గొట్టం నేల లోపలగా పోయి కొలిమి పక్కగోడలో తేలుతుంది.

గాలి చాలకపోతే కారణాలు రెండే. గొట్టంలో బూడిద అడ్డం పడి ఉండాలి, లేదంటే దారిలో గాలి కారిపోతుండాలి. సాఫ్ట్‌వేరులో తప్పు ఎక్కడుందో వెతకడమే మాకు జీతమిచ్చే పని, కాబట్టి తవ్వేముందు ఏదో తేల్చుకోవాలన్నాం. పెదనాయన చక్రం మీద చెయ్యేసి రెండు చుట్లు తిప్పి చెప్పేశాడు: "అడ్డం పడింటే చక్రం తేలిగ్గా తిరిగి కీచుమంటాది. ఇదట్ల లేదు. గాలి యాడో కారతాంది." లెక్క కూడా అదే చెబుతుంది. దారి మూసుకుంటే ఫ్యాను తోసే గాలి తగ్గుతుంది, దాని మీద బరువూ తగ్గుతుంది. గాలి పోతున్నంతసేపూ చేతికి బరువు తెలుస్తూనే ఉంటుంది.

కొలిమి పూర్తిగా చల్లారినాక దాని వైపు మూతిని తడిగుడ్డతో బిగించినాం. ఒకరు చక్రం తిప్పుతుంటే ఇంకొకరు వెలిగించిన అగరొత్తి పట్టుకుని నేల వెంబడి పోయినారు. నీళ్లతొట్టి పక్కన పొగ చెదిరింది. అక్కడ తవ్వితే గొట్టం అడుగు తుప్పు పట్టిపోయి, రెండు వేళ్లు పట్టేంత చిల్లు. కాలిన ఇనుము ముంచినప్పుడల్లా తొట్టి నుండి చిందిన నీళ్లు ఏళ్ల తరబడి అక్కడే ఇంకుతూ వచ్చాయి.

అంగట్లో ముందు పీవీసీ గొట్టం చూపించారు. అది 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. తర్వాత జీఐ పైపు చూపించారు. దాని మీది పూత జింకు. అది 420 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 907 దగ్గర మరిగి ఆవిరవుతుంది. ఆ పొగ పీలిస్తే చలిజ్వరం వస్తుంది. నిప్పు పక్కన అది వద్దే వద్దు. పూత లేని నల్ల ఇనుప గొట్టం తెచ్చి, కొలతకు కోయించి వెల్డింగు చేయించాం.

గోడలో గొట్టం చుట్టూ మెత్తిన మన్ను అవ్వ చెప్పినట్టు కలిపినదే: పుట్టమన్ను, ఇసుక, పొట్టు. పొట్టు ఉంటే ఆరేటప్పుడు మన్ను అంతగా పగలదు. వారం నీడలో ఆరనిచ్చి, ఆ తర్వాత సన్నమంట పెట్టినాం. తొందరపడి పెద్దమంట పెడితే లోపలి తడి ఆవిరై మన్నును చీలుస్తుంది. నీళ్లతొట్టిని అవతలి పక్కకు మార్చినాం.

బూడిద తీయడానికి గొట్టం కింద ఒక మూత కూడా పెట్టించాం. దాని గురించి పెదనాయన గట్టిగా చెప్పాడు: "చక్రం ఆపితే మూత తీసి పెట్టల్ల. కొలిమి వెనక్కి పీలుస్తాది." చక్రం ఆగినాక నిప్పులో పుట్టిన కార్బన్ మోనాక్సైడు గొట్టంలోకి వచ్చి నిలవచ్చు. మళ్లీ తిప్పినప్పుడు గాలితో కలిసి అంటుకుంటే ఢామ్మని పేలుతుంది. ఆ వాయువు పేరు ఆయనకు తెలీదు, దాని గుణం తెలుసు.

మేము చదివింది కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు పెద్దయినాక నేర్చుకున్నవి. బళ్లో కులుమె, తిది అన్నాం, ఇంట్లో కొలిమి, తిత్తి అన్నాం. అవి అక్కచెల్లెళ్ల లాంటి మాటలు. అక్కడి హద ఇక్కడి పదును. పెదనాయన రైతులతో కన్నడం బాగానే మాట్లాడతాడు గానీ, పని చెప్పేటప్పుడు తెలుగే వస్తుంది. "అంచుకు గడ్డిరంగు తిరగ్గానే ముంచు. నీలం వచ్చిందంటే మెత్తబడిపోతాది." ఇలాంటివి మా ఇంట్లో ఎవరూ రాసిపెట్టలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాం. హోసూరు, బళ్లారి వైపు కొలిమి పని చేసిన ఇళ్లవాళ్లు మీ మాటలు కూడా రాసి ఉంచుకోండి.

దీపావళి అయినాక పక్క ఊళ్ల నుండి కొడవళ్లు వచ్చాయి. ఇనుము నారింజకు తిరిగింది, బొగ్గు మునుపటికన్నా తక్కువే పట్టింది. చిన్నాయన మాత్రం రూము మాట వదల్లేదు. ఆయన లెక్కలోనూ న్యాయముంది, కక్కుకు ఇచ్చే కూలి బొగ్గు ఖర్చుకే సరిపోతుంది. వచ్చే ఏడాది ఏమవుతుందో ఇంకా తేలలేదు. ఈ ఏటికి చక్రం తిప్పడానికి మేము ముగ్గురం శనివారాలు వంతులు వేసుకున్నాం. ఊరికే కూర్చుని అడిగితే పెదనాయన ఏమీ చెప్పడు. చక్రం తిప్పుతుంటే మాత్రం ఒక్కొక్కటే చెబుతాడు.