ఇనప్పెట్టె, రేకు డబ్బా

పాత కార్లు గట్టివి, తర్వాత వచ్చినవన్నీ రేకు డబ్బాలు. ఈ మాట వినపడని ఊరు లేదు. బస్తర్‌లో, కొంటా నుంచి సుక్మా వెళ్ళే రోడ్డు మీదున్న దోర్నపాల్‌లో కూడా విన్నాను. భద్రాచలం వైపు నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడ్డ మా బావమరిదికి రెండు పాత బళ్ళున్నాయి. ఒకటి వాళ్ళ నాన్న వాడిన అంబాసిడర్, రెండోది తను కొన్న మారుతి 800.

రక్షణశాఖ ఎకౌంట్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి, లెక్క చూడందే ఊరుకోలేను. అంబాసిడర్ 1489 సీసీ, బరువు టన్ను పైమాటే. మూలం ఇంగ్లండు మారిస్ ఆక్స్‌ఫర్డ్. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 796 సీసీ, 650 కిలోలు. పెట్రోలు ఖర్చులో ఏది నయమో చెప్పడానికి బీకాం అక్కర్లేదు. చోటులోనూ, చెట్టు కింద మెకానిక్ చేత బాగుచేయించుకునే వీలులోనూ అంబాసిడర్‌దే పైచేయి. రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది.

అసలు పేచీ వేరే. "బావా, ఇది ఇనప్పెట్టె. లారీ గుద్దినా లోపలివాళ్ళకేం కాదు" అంటాడు. ఆ ధీమాతోనే రెండేళ్ళ మనవణ్ణి ముందు సీట్లో కోడలి ఒళ్ళో కూర్చోబెడతాడు. ఆ బండికి సీటు బెల్టులే లేవు. రుజువేమిటంటే, వాళ్ళ నాన్నకి ఏమీ కాలేదు కదా అంటాడు. ప్రమాదంలో పోయినవాళ్ళు వచ్చి వాదించరు మరి! (రెండు బంపర్లకీ నిమ్మకాయలూ మిరపకాయలూ ఉన్నాయి. వాటి సంగతి సరే.)

ఈ నమ్మకానికి 2009లో అమెరికాలో పరీక్ష జరిగింది. హైవే భద్రత మీద పనిచేసే బీమా సంస్థ ఒకటి 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్‌నీ, 2009 షెవర్లే మాలిబునీ గంటకి 64 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా గుద్దించింది. పాతకారులో డ్రైవరు కూర్చునే చోటే నుజ్జయింది. అందులో బొమ్మకి బదులు మనిషి ఉంటే బతికేవాడు కాదు. కొత్తకారు ముందుభాగం నలిగింది గాని, లోపలి గది నిలబడింది. మనిషి కాలి దెబ్బతో బయటపడేవాడు.

కారణం మామూలు భౌతికశాస్త్రమే. 50 కిలోమీటర్ల వేగంలో బండి అర మీటరు నలుగుతూ ఆగితే, బెల్టు కట్టుకున్న మనిషి మీద పడే బలం అతని బరువుకి 20 రెట్లు. బెల్టు లేకుండా పోయి డాష్‌బోర్డుకి కొట్టుకుని 5 సెంటీమీటర్లలో ఆగితే 200 రెట్లు. ఆ మొదటి లెక్కే తీసుకున్నా, 12 కిలోల పిల్లాణ్ణి పట్టుకోవాలంటే 240 కిలోలు ఆపగల చేతులుండాలి. ఏ తల్లికుంటాయి?

బరువుకి విలువ లేదనను. తేలికబండిని గుద్దితే బరువైన బండిలోవాళ్ళకే నయం. చెట్టునో లారీనో గుద్దినప్పుడు ఆ లాభం ఉండదు.

అలాగని మారుతి గెలిచిందనుకోవద్దు. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షించినప్పుడు ఎయిర్‌బ్యాగులు లేని ఆల్టో 800కే సున్నా నక్షత్రాలొచ్చాయి. అంతకు ముప్పై ఏళ్ళనాటి మారుతి దానికన్నా నయమనుకోవడానికి ఆధారం లేదు.

అందుకే ఇప్పుడు ఏ బండి గొప్పదని కాకుండా, మనవణ్ణి ఎక్కడ కూర్చోబెడుతున్నావని అడుగుతున్నాను. వెనక సీటుకి మార్చడానికి మా బావమరిది ఇంకా ఒప్పుకోలేదు. వెనకైతే వాడికి రోడ్డు కనపడదట.