పక్క పన్ను మీద గీత

డెంటల్ కాలేజీల్లో ఆన్‌లైన్ చదువు ఎలా సాగుతోందో చూసి రాయమని సంపాదకులు పంపితే గుంటూరు జిల్లాలోని ఒక ప్రైవేటు కాలేజీకి వెళ్లాను. స్మార్ట్ బోర్డులు, రికార్డింగ్ స్టూడియో అన్నీ చూపించమని ప్రిన్సిపాల్ గారు మనిషిని తోడిచ్చారు. రెండో సంవత్సరం బీడీఎస్ వాళ్ల ఫాంటమ్ హెడ్ ల్యాబ్ దగ్గర ఆగినవాణ్ణి ఇక అక్కణ్ణుంచి కదల్లేదు.

ప్రతి బల్లకీ ఒక తల బిగించి ఉంది. రబ్బరు బుగ్గలు, లోపల ప్లాస్టిక్ పళ్ల వరస. ఆ రోజు పని, కింది ఫస్ట్ మోలార్‌కి క్లాస్ టూ క్యావిటీ. నూరేళ్లు దాటినా దంతవైద్యుడు జి.వి. బ్లాక్ పుచ్చులకు చేసిన వర్గీకరణే ఇప్పటికీ నడుస్తోంది. నమిలే వైపు మొదలుపెట్టి, పక్క పన్నుకు ఆనుకున్న గోడ దాకా గుంట దించాలి. వీడియో ముందురాత్రే వాట్సాప్‌లో వచ్చిందట. తొలిచే బర్ ఏది వాడాలో, ఎంత లోతు వెళ్లాలో అడిగితే పిల్లలు తడుముకోకుండా చెప్పారు.

ఆ బర్ బిగించే ఎయిరోటార్ నిమిషానికి 3 లక్షల చుట్లకు పైగా తిరుగుతుంది. ఆ కీచు చప్పుడు మధ్య ట్యూటర్ మేడమ్ ఒక అమ్మాయి వెనక నిలబడ్డారు. ఆవిడ చూపంతా ఆ పిల్ల ఉంగరపు వేలి మీదే.

"వేలు ఎక్కడ ఆనించావమ్మా?"

వేలు గాల్లో ఉంది. మేడమ్ దాన్ని పట్టుకుని పక్క పళ్ల మీద ఆనించి, మణికట్టు సర్ది, "ఇప్పుడు కానీ" అన్నారు. అంతవరకూ తెగుతూ అతుకుతూ వచ్చిన చప్పుడు ఒకే తీరుగా సాగింది.

పని అయ్యాక సూదిమొన ప్రోబ్ తీసి పక్క పన్ను గోడ మీద మెల్లగా నడిపారు. ఒకచోట టిక్కుమని ఆగింది. కంటికి ఆనని గీత. గుంట అంచున సన్నటి ఎనామిల్ పొర మిగిల్చి, దాన్ని చేతి పనిముట్టుతో విరవాలి. ఆ ఓపిక లేక బర్‌తోనే తోసుకుపోతే పక్కనున్న మంచి పన్ను గీసుకుపోతుంది. ఎనామిల్ మళ్లీ పుట్టదు. ప్లాస్టిక్ పన్నయితే మార్చేయొచ్చు, పేషెంటు నోట్లో ఆ గీత దగ్గరే పాచి పేరుకుని పుచ్చుకు దారి తీస్తుంది. ఇదంతా వీడియోలో ఉంది, ఆ అమ్మాయి విన్నదే. "నువ్వే చూసుకో" అని ప్రోబ్ ఆమె చేతికిచ్చారు. ఆ టిక్కు తన వేళ్లకు తగిలాక ఆమె ముఖంలో రంగు మారింది.

వీడియోను తక్కువ చేయను. ఇదివరకు డెమో అంటే బల్ల చుట్టూ మూగేవాళ్లు, వెనక ఉన్నవాళ్లకి మేడమ్ భుజం తప్ప ఏమీ కనబడేది కాదు. ఇప్పుడు నోటి లోపలి పని అందరికీ కనబడుతోంది, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు. 2020 లాక్‌డౌన్‌లో ల్యాబులు మూతపడ్డప్పుడు పిల్లలకు ఈ వీడియోలే దిక్కయ్యాయి. కానీ తీసేవాళ్లు కెమెరా ఎక్కడ పెడుతున్నారు? "వీడియోలో పై పన్ను ఎదురుగా కనబడుద్ది సార్. మేమేమో అద్దంలో చూసి చెయ్యాలి. చెయ్యి ఇటు పోనిస్తే అద్దంలో అటు పోద్ది" అన్నాడొక కుర్రాడు. నీళ్లు చిమ్మి ఆ అద్దం మసకబారుతుంది కూడా. చేసేవాడి కంటి దగ్గర కెమెరా పెట్టి, అద్దంలో కనబడేది కనబడినట్టు తీస్తే ఈ పిల్లలకు ఎంతో మేలు.

నెదర్లాండ్స్‌లో రూపుదిద్దుకున్న సైమోడాంట్ లాంటి యంత్రాల్లో తెర మీది పన్ను కోస్తుంటే ఎనామిల్ గట్టిదనం, దాని కింది డెంటిన్ మెత్తదనం చేతికి తెలుస్తాయి. అవీ రావాలి. వచ్చినా వెనక నిలబడి వేలు సర్దే మనిషి అవసరం తీరదు.

ఆ మనిషికే ఇక్కడ కరువొచ్చింది. "ఇంతకుముందు నలుగురం ఉండేవాళ్లమండీ. ఇద్దరు మానేశారు. ఇంకొకళ్లని వేయమంటే వీడియోలున్నాయి కదా అంటున్నారు" అని మేడమ్ గొంతు తగ్గించి చెప్పారు. నాకు ఒళ్లు మండిపోయింది. లక్షల్లో ఫీజు కట్టించుకున్న చోట మాటా ఇది? వీడియో వల్ల డెమోకి పట్టే సమయం మిగిలింది, నిజమే. అది పిల్లల సమయం. ఒక్కొక్కరి వెనకా నాలుగు నిమిషాలు నిలబడి, ప్రతి పక్క పన్ను మీదా ప్రోబ్ నడిపి చూడాలంటే ఆ ల్యాబుకి పాత నలుగురూ చాలరు. తనిఖీకి వచ్చేవాళ్లు ఫాంటమ్ హెడ్లతో పాటు వాటి వెనక నిలబడే ట్యూటర్లనూ లెక్కపెట్టాలి, అదీ ల్యాబు నడుస్తున్న వేళ వచ్చి.