చిరునామా నెవరి నడిగితివి?

మా మేనకోడలు భర్తను పోగొట్టుకొని నాలుగేండ్లయినది. ఆమె వయస్సు ముప్పదియొకటి. కదిరిలో మా యింటనే యుండి, ఒక పాఠశాలలో లెక్కలు చెప్పుచున్నది. మాఘమాసమున ఒకనాటి రాత్రి నా గదిలోనికి వచ్చి, "మామా, పునర్వివాహ సంబంధములు చూపు పేజీలు అంతర్జాలములో నున్నవట. చూడవలెనని యున్నది. కాని మనయింటి తీగె యెవరిదో నీకు తెలియును గదా" అని తల వంచుకొన్నది.

తెలియకేమి? మాకు అంతర్జాలము తెచ్చు తీగె వీధి మొదటనున్న కేబులు దుకాణమునుండి వచ్చును. వారు చెడ్డవారని నేననను. దూరపు బంధువులు కూడ. కాని ఆ దుకాణపు అరుగునకు తెలిసినది ఊరికి తెలిసినట్లే. వితంతు వివాహమును సభలలో మెచ్చుకొను పెద్దలు మా యూర కలరు. వితంతువు తన వరుని తానే వెదకుకొనుచున్నదన్నచో ఆ మెప్పు ఎంతవరకు నిలుచునో చూడవలెనని నాకు వేడుక లేదు.

బెంగుళూరులోనున్న మా తమ్ముని కుమారుడు ఒక ఉపాయము చెప్పెను. అతడు దూరదేశమున నొక యంత్రమును అద్దెకు తీసికొనియున్నాడు. మన కంప్యూటరు ఏ పేజీని తిన్నగా అడుగక, ఆ యంత్రమును అడుగును. అది మనకు బదులుగా పోయి, తెచ్చి, మన చేతికిచ్చును. దీనినే ప్రాక్సీ యందురు. మన యింటికిని ఆ యంత్రమునకును నడుమ పోవునదంతయు తాళము వేసియుండునట్లు అతడు ఏర్పాటు చేసియుండెను గనుక కేబులువారికి పెట్టె కనబడునే గాని లోపలి సరకు కనబడదు. అతడు ఫోనులో చెప్పినట్లు బ్రౌజరులో యంత్రపు గుర్తును, 1080 అను ద్వారపు సంఖ్యను వ్రాసితిని. మన చిరునామా యేదో చూపు పేజీ తెరువగా అందులో ఆ దూరపు యంత్రపు సంఖ్యయే కనబడెను. "అమ్మాయీ, నీవిపుడు కదిరిలో లేవు" అని నవ్వితిని. ఆమెయు నవ్వెను. ఆ నవ్వు చూచి చాలకాలమైనది.

ఫాల్గుణమాసమున నరసింహస్వామి తేరు చూడవచ్చిన ఆ కుర్రవాడు, ఊరకుండలేక, మా కంప్యూటరునుండి బయటికి పోవు పొట్లములను ఒక్కొక్కటిగా చూపు సాధనమును తెరచి కూర్చుండెను. కొంతసేపటికి అతని ముఖము మారినది. "పెదనాయనా, సరకంతయు నా బండిమీదనే పోవుచున్నది. కాని ఫలానావారి యిల్లెక్కడని ప్రతిసారియు కేబులువారినే అడుగుచున్నావు" అనెను.

సంగతి యిది. పేజీలకు మనము పేర్లు పెట్టుకొన్నాము గాని, యంత్రములకు తెలిసినవి సంఖ్యలే. పేరు చెప్పిన సంఖ్య నిచ్చు ఏర్పాటు 1983లో పుట్టినది; ఆ ప్రశ్న మామూలుగా 53వ ద్వారమున, తాళము లేకుండ, బట్టబయలుగా పోవును. సాక్స్ అను ప్రాక్సీ పద్ధతిలో నాలుగవ కూర్పు సంఖ్యలనే పుచ్చుకొనెడిది. 1996లో ప్రకటితమైన అయిదవ కూర్పు పేర్లనుగూడ పుచ్చుకొనును. కాని పేరును అట్లే పంపవలెనా, ముందు ఇక్కడ విచారించి సంఖ్యను పంపవలెనా యన్నది బ్రౌజరు ఇష్టము. క్రొత్త బ్రౌజరులు కొన్ని ఈ జాగ్రత్త తామే తీసికొనును. మా పాత కంప్యూటరులో ఒక చిన్న గడిలో గుర్తు పెట్టవలసియుండగా నేను పెట్టలేదు. పేజీలోని మాటలు కేబులువారికి కనబడలేదు, నిజమే. పేజీ పేరు చాలదా? వారు చూచిరో లేదో నేనెరుగను. చూడగలిగియుండిరన్నదే ఆ రాత్రి నాకు నిద్ర లేకుండ జేసినది.

ఏలయన, ఈ తప్పు మా యింట మునుపొకసారి జరిగినది. స్వరాజ్యమునకు పూర్వము, బాల్యముననే భర్త పోయిన మా మేనత్తకు పెండ్లి చేయదలచి, మా తండ్రి రాజమహేంద్రవరమునకు ఉత్తరము వ్రాసెను. కవరుమీద కదిరి ముద్ర పడరాదని మీటరుగేజి బండి యెక్కి ధర్మవరము పోయి అచట తపాలాలో వేసెను. ఎంత జాగ్రత్త! కాని అంతకుముందు, ఆ చిరునామా యేమని కదిరిలోనే ఒక పెద్దమనిషి నడిగియుండెను. ఉత్తరము చేరకమునుపే మాట ఊరంతయు చేరినది. మా మేనత్త ఆ యింటనే ముసలిదై పోయినది.

గడిలో గుర్తు పెట్టితిమి. అంతటితో తీరలేదు. ఇతర కన్నములను కుర్రవాడు వెదకి చూపెను. ప్రాక్సీలలో కొన్ని పుణ్యాత్ములు, ఎవరి తరఫున వచ్చినవో ఆ చిరునామాను తామే కవరు వెనుక వ్రాసి అవతలివారి కిచ్చును. బ్రౌజరులో ముఖాముఖి మాటలకై పెట్టిన వెబ్ ఆర్టీసీ అను ఏర్పాటు, ప్రాక్సీని దాటిపోయి అసలు చిరునామాను చెప్పివేయగలదని 2015లో లోకమునకు తెలిసినది. బ్రౌజరునకు చేసిన కట్టడి ఫోనులోని తక్కిన పనిముట్లకు పట్టదు. అన్నిటికంటె చెడ్డది, ప్రాక్సీ పడిపోయినపుడు కొన్ని పనిముట్లు మారుమాటాడక తిన్నని దారినే పోవుట. పోనీయక ఆపుటయే మేలు.

ఒకరి చాటు వ్యవహారము మరియొకరికేల యనువారు, ఇదంతయు దొంగల విద్య యనువారు మనలో లేకపోలేదు. ఏకాంతము ప్రాథమికమైన హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా చెప్పిరి. ఆ వ్యాజ్యము వేసిన పుట్టస్వామిగారు కర్ణాటక హైకోర్టున న్యాయమూర్తిగానుండి విశ్రమించిన వృద్ధులుగా నుండిరి. వారిని దొంగ యని యెవరనగలరు?

మా మేనకోడలు అంతయు విని, లెక్కల పంతులమ్మ గనుక, మేమిద్దరము అడుగని ప్రశ్న అడిగెను. "కేబులువారికి కనబడనిది ఆ యంత్రము గలవారికి కనబడును గదా? అది బావ చేతిలో నున్నది."

కుర్రవాని ముఖము కందెను. పేజీల పేర్లు తాను చూడదలచిన చూడవచ్చుననియు, చూడలేదనియు, అద్దెకిచ్చిన కంపెనీవారికిని కొంత చూడ సాధ్యమే యనియు ఒప్పుకొనెను. నమ్మకము పోలేదు, ఇల్లు మారినది, అంతే. ఉచితముగా దొరకు ప్రాక్సీలకంటె మేనబావ మేలని నేనేదో సర్దిచెప్పబోతిని గాని, ఆమె వినలేదు.

మరునాడు తేరు కదలకముందే అతడు ఆమె పేర వేరొక యంత్రమును తీయించి, నెల అద్దె ఆమెచేతనే కట్టించి, తాళపుమాట నొక కాగితముపై వ్రాసియిచ్చెను. ఆమె కంప్యూటరు ముందు కూర్చుండి ఆ మాటను మార్చి, కాగితమును చించి పొయ్యిలో వేసెను. క్రొత్త మాట యేమో అతనికి చెప్పలేదు. నేనడుగలేదు.